మంగలంలో వేగిన మట్టి

మా గరిడేపల్లి బడి పునాదిలో మూలరాయి కింద ఒక పగిలిన కుండ అడుగు ఉంది. పేలాలు వేయించుకునే మంగలం అది. బడి గోడకు బిగించిన రాతిపలక మీద తహసీల్దారు హోదా ఉంది, గుత్తేదారు పేరుంది, కానుకలిచ్చినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. మంగలం మాట ఎక్కడా లేదు. దాన్ని అక్కడ పెట్టిన మా అమ్మమ్మ సారమ్మ పేరూ లేదు. ఉండాలని ఆమె ఎన్నడూ అడగలేదు. నాకే ఒళ్లు మండుతుంది. ఆ బడిలోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని, ఆ అక్షరాలతోనే ఆమె సంగతి రాస్తున్నాను. నచ్చనివాళ్లు చదవకపోయినా నాకేం నష్టం లేదు.

సారమ్మ మిషన్ బడిలో ఆయా. ఊడ్చేది, నీళ్లు తెచ్చేది, దూరం నుంచి నడిచివచ్చే పిల్లలకు జొన్న జావ, గట్క, వండిపెట్టేది. తనకు ఒక్క అక్షరం రాదు. అయినా పలక తేకుండా వచ్చిన పిల్లను గుమ్మంలోనే ఆపి, "పలక లేంది నువ్వెందుకొచ్చినవే, గట్క తాగనీకా?" అని ఇంటికి తరిమేది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయి పలక పట్టుకుని వస్తే మొదటి గంటె గట్క ఆమెకే పోసేది. ఊళ్లో పెద్దవాళ్లకు కూడా ఆమె నోరంటే జర భయమే.

పోలీసు యాక్షన్ అయిపోయిన మరుసటి ఏడు, పందొమ్మిది వందల నలభై తొమ్మిది. రజాకార్ల పీడ పోయింది కానీ మిలటరీ లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బడి మాత్రం ఒక బర్రెల కొట్టంలో నడుస్తోంది. అసలు బడి ఏమైందంటారా? రేగడి నేల మీద లేచిన గోడలు కదా. ఎండాకాలం నేల నోరు తెరిచింది, వానాకాలం ఉబ్బింది, గోడ పక్కకు ఒరిగింది, ఒకరోజు కూలింది. కూలినప్పుడు దాని కింద ఉన్న కాలు మా అమ్మది. మా అమ్మ మణెమ్మ అప్పుడు ఇంకా పాలపళ్లు ఊడుతున్న పిల్ల. పట్నం దవాఖానలో ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి పంపించారు. బొక్క అతికింది కానీ కాలు సరిగ్గా రాలేదు. ఆమె ఇప్పటికీ ఒక పక్కకు ఒరిగే నడుస్తుంది.

అందుకని కొత్త బడి కోసం మిషన్‌వాళ్లు కొన్న జాగా మీద సారమ్మకు ఒక కన్ను ఎప్పుడూ ఉండేది. ఆ జాగాతో ఒక చిక్కుంది. దానికి ఒక పక్క నల్లటి రేగడి చేలు, ఇంకో పక్క ఎర్ర చెల్క. మధ్యలో ఉన్న ఆ ముక్క రేగడీ కాదు, చెల్కా కాదు. గుత్తేదారు గురవయ్య దాన్ని ఉబ్బని చెల్క కిందే లెక్కేశాడు. మోకాలి లోతు పునాది చాలన్నాడు. కోదాడ నుంచి వచ్చిన పెద్దయ్య మేస్త్రి మాత్రం మట్టిని పిడికిట్లో పిసికి చూసి, "నాకు అనుమానంగానే ఉందండీ, కింద గట్టి మొరం నేల తగిలేదాకా తవ్వితే మంచిది" అన్నాడు. మొరం దాకా తవ్వితే ఆ ఏటికి బడి లేవదు. గురవయ్య ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

బడికి పెద్ద, ఊరి చర్చికి పాస్టరు, రెండూ మత్తయ్య అయ్యగారే. మంచి మనిషి, కానీ ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు వంగుతాడు. ఈ తగువు తెగక ఆయన తన పాత శిష్యుడు తిరుపతయ్యను తలుచుకున్నాడు. తిరుపతయ్యది సూర్యాపేట. పట్నంలో ఒక కాలేజీలో ఎక్స్‌రే పెట్టి మట్టిని పరీక్ష చేసే పని నేర్చుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు అయ్యగారు అడిగితే, "మట్టి పంపండి సార్, చూసి చెప్తా. కానీ బాగా ఆరబెట్టి పంపండి, తడిగ వస్తే బూజు పడుతది" అన్నాడు.

పక్కనే గిన్నెలు తోముతున్న సారమ్మ ఊరుకుంటుందా? "మట్టికి బొక్కలుంటయా సారూ, ఎక్స్‌రే తీయనీకి?" అంది.

తిరుపతయ్య నవ్వాడు కానీ ఎగతాళి చేయలేదు. "బొక్కలు లేవు సారమ్మా, పొరలుంటయి. బంకమట్టిల ఒక రకముంది, దాని పొరల నడుమ నీళ్లు దూరితె పొరలు ఎడమైతయి, మట్టి ఉబ్బుతది. ఇంకో రకం ఉబ్బది. కంటికి రెండూ ఒకటే. పొర నుంచి పొరకు ఎంత ఎడముందో ఎక్స్‌రే చెప్తది" అన్నాడు.

"గోడ కూలగొట్టేది ఆ ఉబ్బేదేనా?"

"అదే."

"అయితే దాని ఫోటో మంచిగ తీయి" అని సారమ్మ గిన్నెలు బోర్లించింది.

మట్టి తవ్వి, ఆరబెట్టి, మూట కట్టే పని సారమ్మకే వచ్చింది. మేస్త్రి చూపించిన చోట నడుం లోతు తవ్వి గంపెడు మట్టి తెచ్చింది. తెచ్చిన రోజునుంచే ముసురు పట్టింది. వారం దాటినా పొద్దు కనబడలేదు. చాటలో పోసిన మట్టి పోసినట్టే జిగటగా ఉంది. సూర్యాపేట పోయే బండి సిద్ధంగా ఉంది, అయ్యగారు తొందరపెడుతున్నాడు.

మా ఇళ్లల్లో ఒక పద్ధతుంది. ఊరు దాటేది ఏదైనా వేయించి మూట కట్టాలి. వలసపోయేవాళ్లు పేలాలు వేయించుకుంటారు, పురిటికి పోయే పిల్లకు పిండి వేయించి ఇస్తారు. వేగింది చెడదు, పురుగు పట్టదు. సారమ్మకు బుద్ధి తెలిసినప్పటినుంచి చేతికి అలవాటైన పని అది. ఆమె పొయ్యి మీద మంగలం పెట్టింది, కింద తుమ్మ మొద్దులు ఎగదోసింది, మట్టిని పేలాలు వేయించినట్టే గరిటెతో తిప్పుతూ వేయించింది. మొదట ఆవిరి, తర్వాత పొగ, ఆ పొగ కూడా ఆగాక ఇంకాస్త సేపు. మంగలం అడుగు ఎర్రబడింది, మట్టి గలగలమంది. "ఇగ పట్నం గాదు, లండన్ పోయినా బూజు పట్టది" అని చల్లార్చి, కొత్త గుడ్డలో మూట కట్టి, ముడి మీద ముడి వేసి పంపించింది. అంత శ్రద్ధగా చేసిన పని ఆమె ఇంకోటి చేసి ఉండదు.

కొన్నాళ్లకు కాగితం వచ్చింది. ఆ మట్టిలో ఉబ్బే రకం కనబడలేదని అందులో ఉంది. గురవయ్య ఆ కాగితాన్ని ఊరంతా తిప్పాడు. "నేను జెప్పలే?" అన్నది ఆ వారం అతని నోట్లో ఊతపదమైంది. అందరికంటే ఎక్కువ సంబరపడ్డది సారమ్మే. వానాకాలానికి బడి లేస్తుందని, మణెమ్మ పెంకుల కింద కూర్చుంటుందని ఎదురొచ్చినవాళ్లందరికీ చెప్పింది. తొలకరికి చాలా ముందే పునాది కందకం తవ్వారు, మోకాలి లోతున. మరునాడు తహసీల్దారు వచ్చి రాయి వేస్తాడనగా తిరుపతయ్య సూర్యాపేట నుంచి వచ్చాడు, ఒక ఊరి కోసం తాను చేసిన మొదటి పని చూసుకుందామని.

వస్తూ ఎక్స్‌రే ఫిల్ము, నూరిన మట్టి మిగిలితే అదీ ఒక చిన్న గాజుసీసాలో పోసి తెచ్చాడు. కందకం పక్కన మంచం వేసి కూర్చోబెట్టారు. అయ్యగారు, గురవయ్య, పెద్దయ్య మేస్త్రి చుట్టూ చేరారు. సారమ్మ మంచినీళ్లు తెచ్చింది. తిరుపతయ్య సీసాను ఎండకెత్తి, "ఇదిగో, మీ ఊరి మట్టి" అన్నాడు.

సారమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. సీసా వైపు చూసింది, కందకం గట్టున పోసిన మట్టికుప్ప వైపు చూసింది. కుప్పలో మట్టి నలుపు తిరిగిన గోధుమరంగు. సీసాలో పొడి ఇటుకరంగు.

"సారూ, గది మా మట్టేనా?"

"మీదే సారమ్మా, మీ మూటలదే."

"మరి గంత ఎర్రగెందుకున్నది?"

"అడుగు మట్టి కద, చెల్క కలిసిందనుకున్న" అన్నాడాయన.

సారమ్మ చెంబు కింద పెట్టింది. "చెల్క కలవలే సారు. ముసురుండె, ఎండ లేకపాయె. నేను మంగలంల వేయించిన."

తిరుపతయ్య ముఖం మారిపోయింది. "ఎంతసేపు?"

"పొగ ఆగి, మంగలం అడుగు ఎర్రబడ్డదాంక."

ఆయన సీసాను ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. ఉబ్బే మట్టిని అంత నిప్పు మీద పెడితే పొరల నడుమ నీళ్లు పోయి పొరలు అతుక్కుంటాయి. ఇక నీళ్లు పోసినా తెరుచుకోవు, కాల్చిన కుండ నానబెట్టినా మళ్లీ మట్టి కానట్టే. అప్పుడు ఎక్స్‌రేలో అది ఉబ్బని రకంలాగే కనబడుతుంది. ఫిల్ము మీద రెండూ ఒక్క చోటే గీత పెడతాయి.

గురవయ్య గట్టిగా నవ్వాడు. "మిషిను చెప్పినంక మంగలం ముచ్చటేందే? ఆయా పని చేసుకో పో."

"మిషిను అబద్దమాడలే పటేలా" అంది సారమ్మ. "దాని ముందట పెట్టిందాన్ని సూసి నిజమే చెప్పింది. నేను పంపిన మట్టే అబద్దం."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కిన సంగతి ఎవరూ చూడనప్పుడు కడుక్కోకుండా నడిచిపోయేవాళ్లే లోకంలో ఎక్కువ. సారమ్మ నోరు మూసుకుంటే ఏం పోయేది? సీసా తిరుపతయ్యతో పట్నం పోయేది, రాయి పడేది, బడి లేచేది, ఎప్పుడో గోడ పగిలితే వాన మీదకో దేవుడి మీదకో నెట్టేవాళ్లు. ఆమె నోరు మూసుకునే రకం కాదు, అంతే.

మత్తయ్య అయ్యగారు ఆమెను పక్కకు పిలిచాడు. "సారమ్మా, మిషన్‌వాళ్లు ఇప్పటికే విసిగిపోయిన్రు. ఈపాలి ఆగితె బడి వేరే ఊరికి పోతది. పిల్లలు ఇగ ఎన్నటికీ బర్రెల కొట్టంలనే. గది నీకిష్టమా?"

ఇష్టమా అని ఆమెను అడగడమే అన్యాయం. ఆ బడి ఆమెకంటే ఎక్కువ ఎవరికి కావాలి? కొట్టంలో దోమలు కుట్టి, పేడ వాసనకు కడుపులో తిప్పి, మణెమ్మ పుస్తకం మూసేసి ఇంటికొచ్చిన రోజులు ఆమెకు తెలుసు. అయినా తల ఎత్తే జవాబు చెప్పింది.

"అయ్యగారూ, నా బిడ్డ కాలు మీద పడ్డ గోడకు గుడ మీరు ప్రార్థన చేసే రాయి పెట్టిన్రు."

ఆయన, రేపటి నుంచి పనికి రావద్దని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. తిరుపతయ్య కాగితం వెనక్కి అడగకుండా సీసాను జేబులో వేసుకున్నాడు. కాగితం మీద ఆయన సంతకంతో పాటు ఆయనకు పని నేర్పే పెద్దాయన సంతకం కూడా ఉంది. తప్పయిందని చెప్పుకుంటే రేపు ఆ ఎక్స్‌రే గదిలోకి అడుగు పెట్టనిస్తారో లేదో. ఆయన భయం కూడా చిన్నది కాదు.

పనికి రావద్దన్నారు కదా, పొద్దున సారమ్మ పనికి రాలేదు. కందకంలోకి దిగి కూర్చుంది. సరిగ్గా మూలరాయి పడాల్సిన చోట, కొంగు నడుముకు దోపుకుని, కాళ్లు చాపుకుని.

గురవయ్య వచ్చి చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "లే! నీ అయ్య జాగానా ఇది?"

"నా అయ్యకు జాగా ఎక్కడిది పటేలా? నా బిడ్డ కూసునే జాగా ఇది."

కూలీలను లాగేయమన్నాడు. వాళ్లు కదల్లేదు, వాళ్ల పిల్లలకు గట్క పోసే చెయ్యి అది. మొగుణ్ణి పిలిపిస్తే మాట వింటుందని లచ్చయ్యకు కబురు పెట్టాడు. మా తాత లచ్చయ్య చేలో పని విడిచి వచ్చాడు. ఆయన మాట తక్కువ మనిషి. గట్టు మీద నిలబడి పెళ్లాన్ని చూశాడు, గురవయ్యను చూశాడు. ఇంటికి పోయి గట్క ముంత తెచ్చి, కందకంలోకి దిగి, ఆమె పక్కన కూర్చుని ముంత చేతికిచ్చాడు. "తాగు. పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు. ఇంతకంటే గొప్పగా మాట్లాడిన మొగుణ్ణి నేను ఏ కథలోనూ చూడలేదు.

తహసీల్దారు జీపు దిగాడు, వెనక ఇద్దరు జవాన్లు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన అధికారి. పూలదండలు, పసుపు రాసిన రాయి, వాటి మధ్య కందకంలో గట్క తాగుతున్న ఆలుమగలు.

"ఏమిటమ్మా ఇది? పైకి రా" అన్నాడు.

"రాను దొరా. ఈ మట్టి ఉబ్బుతదో లేదో ఇంకా తెల్వదు. తెలిసినంక వేస్కోండ్రి రాయి."

"పరీక్ష చేసిన కాగితం ఉందట కదా?"

"గది నేను కాల్చిన మట్టికి ఇచ్చిన కాగితం. గీ మట్టికి గాదు."

"నీకు సైన్సు తెలుసా?"

"తెల్వదు. నేను చేసిన తప్పు తెలుసు."

గురవయ్య అడ్డం వచ్చి, దీనికి మతి లేదు సార్, జవాన్లతో తీయించెయ్యండి అన్నాడు. సారమ్మ ముంత పక్కన పెట్టింది. "ఎత్తుకపోండ్రి. మాపటికి మళ్ల వస్త. జెయిల్ల పెట్టుండ్రి, విడిసిపెట్టిన్నాడు వస్త. నా పిల్ల ఒక కాలు ఇచ్చింది ఈ రేగడికి. రెండో కాలు ఇయ్య."

అప్పుడు తిరుపతయ్య ముందుకొచ్చాడు. నుదురంతా చెమట. "ఈమె చెప్పింది నిజం సార్. తప్పు ఈమెదొక్కదానిదే కాదు. ఎట్లా ఆరబెట్టారని నేను అడగాలి, అడగలేదు. ఇటుకరంగు పొడి కళ్ల ముందు పెట్టుకొని కూడా అడగలేదు. ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నాను." అని అయ్యగారి చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన ఎంత భయపడ్డాడో మా అమ్మమ్మ చెప్పేది. భయపడ్డా చేశాడు కదా అనేది.

తహసీల్దారుకు కోపం వచ్చింది, కానీ తెలివి తక్కువవాడు కాదు. రేపు పగిలే గోడ మీద తన హోదా చెక్కించుకోవడానికి ఏ అధికారి ఇష్టపడతాడు? రెండో పరీక్ష అయ్యేదాకా రాయి వేయనని చెప్పి, తెచ్చిన కొబ్బరినీళ్లు కూడా ముట్టకుండా జీపెక్కాడు.

సారమ్మ కందకంలోంచి లేచి తిరుపతయ్యతో, "ఈపాలి నువ్వే తవ్వుకో సారు. నా చెయ్యి పెట్టను" అంది. ఆయనే తవ్వుకున్నాడు. తడి మట్టిని తడిగానే టేకాకుల్లో చుట్టి, కొత్త ముంతలో పెట్టుకుని, సూర్యాపేట బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు. నీడలోనే ఆరబెడతానని ఆమెకు మాటిచ్చాడు.

ఆ తర్వాత రోజులు సారమ్మవి కావు. ఊరు ఊరంతా ఆమె మీద పడింది. పిల్లల నోట్లో మన్ను కొట్టిందన్నారు. పేరు కోసం చేసిందన్నారు. బావి దగ్గర ఆడవాళ్లు ఆమె వస్తే మాటలు ఆపేవాళ్లు, పోతే మొదలుపెట్టేవాళ్లు. నిండా మునిగినవాళ్లకు చలేమిటి? ఆమె రోజూ కొట్టానికి పోయి ఊడ్చేది. అయ్యగారు, "నిన్ను రావద్దన్న గద, జీతం రాదు" అంటే, "జీతం లేకుంటె లేకపాయె, కసువు ఉన్నది గద" అని చీపురు ఆపలేదు.

ఒకరోజు లచ్చయ్య అడిగాడు. "మళ్ల గుడ లేదనే వస్తెనో?"

ఆమెకూ ఆ భయం లేకపోలేదు. అన్నం సయించేది కాదు. అయినా, "లేదని వస్తె మొదటి రాయి నేనే మోస్త" అంది. "గోడ లేవాలె. కానీ నా మంగలం చెప్పిన మాట మీద లేవద్దు."

తిరుపతయ్య తిరిగి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మనిషి చిక్కిపోయాడు. కొట్టం ముందు అందరూ చేరారు. ఆయన తిప్పలు ఆయన చెప్పాడు. మట్టిలో ఇనుము ఎక్కువ ఉండి మొదటి ఫిల్మంతా మసకబారింది, గీతలు తేలలేదు. పెద్దాయనను బతిమాలి, వేరే రకం కిరణాలిచ్చే గొట్టం మీద మళ్లీ తీశాడు. కొంత పొడిని ఉత్తగా, కొంత పొడిని గ్లిజరిన్ కలిపి. ఉబ్బే రకం ఉంటే గ్లిజరిన్ పొరల నడుమ దూరి వాటిని ఎడం చేస్తుంది, అప్పుడు ఫిల్ము మీద గీత నడిమికి జరుగుతుంది.

రెండు ఫిల్ములూ ఒకదాని కింద ఒకటి పట్టి ఎండకెత్తాడు. ఫిల్ము నడుమ కిరణాల కోసం చేసిన రంధ్రానికి దగ్గరగా ఒక సన్నటి వంకర గీత. పై ఫిల్ములో ఒక చోట, కింది ఫిల్ములో ఇంకాస్త లోపలికి.

"జరిగింది" అన్నాడు. "ఉబ్బే మట్టి ఉంది."

సారమ్మ కళ్లు మూసుకుంది. గురవయ్య మాత్రం ఊరుకోలేదు. "ఎంతున్నది?"

"అది చెప్పలేను."

"చెప్పలేవా?"

"ఈ రేణువులు పలకల్లాగ ఉంటయి. పొడి నింపేటప్పుడు పడుకుంటె గీత నల్లగ వస్తది, అడ్డదిడ్డంగ ఉంటె పల్చగ వస్తది. గీత నలుపును పట్టి ఎన్ని పాళ్లున్నదో లెక్కగడితె మళ్ల తప్పు కాగితం ఇచ్చినట్టే. రెండు రకాల పొరలు ఒకదాంట్ల ఒకటి కలిసి కూడా ఉన్నట్టుంది. ఉన్నదని మాత్రం గట్టిగ రాసిస్త. ఎంతో రాయను."

గురవయ్య చేతులు చరిచాడు. "ఇన్నరా? ఎంతున్నదో తెల్వనోని మాట మీద మొరం దాంక తవ్వాల్నట! చిటికెడుంటె ఏమైతది?"

సారమ్మ కళ్లు తెరిచింది. "పటేలా, నీ ఇంట్ల పాము దూరింది. బారెడా జానెడా అని కొలిసినంకనే పిల్లలను బయటికి తెస్తవా?"

ముందు పెద్దయ్య మేస్త్రి నవ్వాడు. "తగిలిందిలెండి గురవయ్యగారూ. ఇంక మొరం దాకా తవ్వేద్దాం" అన్నాడు. తర్వాత కూలీలు నవ్వారు. చివరికి మత్తయ్య అయ్యగారు గొంతు సవరించుకుని, ఎన్నడూ లేంది గట్టిగా, "తవ్వుదాం" అన్నాడు. నవ్వుతున్నవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అటు వంగాడని నా అనుమానం. అమ్మమ్మ ఒప్పుకునేది కాదు, పాపం అయ్యగారు అనేది.

ఆ ఏడు బడి లేవలేదు. తవ్విన గోతుల్లో వాననీళ్లు నిలిచి కప్పలు అరిచాయి. పిల్లలు ఇంకో వానాకాలం దోమల్లోనే చదివారు. మిషన్‌వాళ్లు సణిగారు కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. ప్రతి కప్ప అరుపుకూ ఊరు సారమ్మనే తిట్టింది. ఆమె వినబడనట్టు గట్క వండింది.

ఎండలొచ్చాక నీళ్లు తోడి మొరం దాకా తవ్వారు. ఆ మూలన నిలబడితే మనిషి తల కూడా బయటికి కనబడని లోతు. రాయి వేసే రోజు అదే తహసీల్దారు వచ్చాడు. అయ్యగారు ప్రార్థన చేశాడు. గురవయ్య తన పద్ధతిలో నవధాన్యాలు, పసుపు కుంకుమలు వేయించాడు. రాయి దించబోతుండగా సారమ్మ నిచ్చెన మీద నుంచి గోతిలోకి దిగింది. కొంగు చాటు నుంచి మంగలం తీసింది. అడుగు మసి పట్టి, లోపల ఇంకా ఆ ఎర్రమట్టి అంటుకునే ఉంది. మొరం మీద దాన్ని బోర్లించింది.

పైనుంచి తహసీల్దారు వంగి చూశాడు. "మళ్లీ నువ్వేనా? ఏమిటమ్మా అది?"

"నా తప్పు దొరా."

"తప్పును ఎవరైనా పునాదిలో దాస్తారా?"

"దాస్తలేను" అంది సారమ్మ, గోతిలో నిలబడి, అంత లోతు నుంచి కూడా తల ఎత్తే. "ఊరందరి ముందట పెడ్తున్న. ఇగ వెయ్యుండ్రి రాయి."